మొద్దని త్రోసివేయుట తగునా?

‘మొద్దు’ అను మాటను మనము నిత్యము మూడు చోట్ల వాడుచున్నాము. నరికి పడవేసిన చెట్టు బోదె మొద్దు. తెగని కత్తి మొద్దు. చెప్పినది తలకెక్కని పిల్లవాడును మొద్దే. మొదటిదానిని పొయ్యిలో పెట్టుదుము. రెండవదానిని నూరుదుము, లేదా పారవేయుదుము. మూడవవానిని ఏమి చేయవలెను? ఇంచుమించు ముప్పది యేండ్లుగా బడిలో తెలుగు బోధించుచున్న నేను ఈ ప్రశ్నకు సమాధానము నాకు తెలియుననియే చాలకాలము తలంచితిని. తెలియదని నాకు నేర్పినది ఒక మంగలి కత్తి. ఆ వృత్తాంతమును, దానివలన నాకు తోచిన ధర్మమును సోదర పాఠకుల ముందుంచుచున్నాను.

మా తండ్రిగారు లింగైక్యులైన మరుసటి యేడు వారి ఇనుప పెట్టె తెరచి చూడగా, ధోవతుల అడుగున పాతగుడ్డలో చుట్టిన క్షౌరపు కత్తి యొకటి కనబడెను. దానిపై జర్మనీ దేశములోని జోలింగెను నగరపు ముద్ర యున్నది. ఆ పట్టణము కత్తుల తయారీకి కొన్ని శతాబ్దములుగా పేరెన్నిక గన్నది. మా తండ్రిగారు జీవితాంతము తమ గడ్డమును తామే ఆ కత్తితో చేసికొనిరి. నేను దానిని ముట్టినవాడను కాను. ఇప్పుడది రెండు చోట్ల తుప్పు మచ్చలు పడి, కాగితమునైనను కోయలేని స్థితిలో నుండెను. వారి జ్ఞాపకముగా దానిని వాడవలెనని కోరిక పుట్టి, కరీంనగరు బజారులో కత్తులకు సాన పట్టువాని యొద్దకు తీసికొనిపోయితిని.

అతడు కత్తిని వెలుతురులో త్రిప్పి చూచి, మడిచి నా చేతికే యిచ్చెను. “ఇది నా చక్రం మీద పెడితే ఉడికిపోతది సారూ. మంగలాయన రాయి మీద నూరాలె. నేను ముట్ట” అనెను. అతడు చెప్పినది నిజము. వడిగా తిరుగు చక్రముపై పలుచని అంచు వేడెక్కును. వేడెక్కిన ఉక్కు తన గట్టిదనమును కోల్పోవును. అట్టి అంచు ఆనాడు తెగినను మరునాటికి నిలువదు. చేతికి వచ్చిన బేరమును, తనకు తగని పని యని వదలుకొన్న అతని నిజాయితీని చూచి ఆశ్చర్యపడితిని. కాయకమునందు చేయవలసినది తెలియుట యెంత ముఖ్యమో, చేయరానిది తెలియుటయు నంతే ముఖ్యము.

అప్పుడు నాకు గోదావరి ఆవలి గట్టున, పూర్వపు ఆదిలాబాదు జిల్లాలో నేను తొలుత ఉద్యోగము చేసిన ఊరు జ్ఞప్తికి వచ్చెను. అచ్చట రాతిపై కత్తి నూరు పెద్దాయన యొకడుండెడివాడు. ఒక ఆదివారము ధర్మపురి మీదుగా రాయపట్నము వంతెన దాటి ఆ ఊరు చేరితిని. పెద్దాయన గతించి చాలకాలమైనదట. దుకాణములో ఆయన కుమారుడున్నాడు. నలుబది యేండ్లకు దగ్గరగా నుండును. నన్ను చూడగానే లేచి నిలబడి, “నమస్తే సారూ, కూసోండ్రి” అనెను. నేనతనిని గుర్తించుటకు కొంత సమయము పట్టెను. గుర్తించిన పిమ్మట కూర్చుండుటకు మనసొప్పలేదు.

1999వ సంవత్సరమున అతడు ఎనిమిదవ తరగతిలో నా విద్యార్థి. ఆ యేడు వైశాఖమున బసవ జయంతి సభలో కాయకమును గూర్చి నేను గంటసేపు ఉపన్యసించితిని. ఏ పనియు తక్కువది కాదని, చేతిపనియే కైలాసమని చెప్పి చప్పట్లు కొట్టించుకొంటిని. శ్రావణములో తరగతియందు ఈ పిల్లవానిని ఒక పద్యమునకు తాత్పర్యమడిగితిని. అతడు చెప్పలేదు. రెండవ దినమును చెప్పలేదు. మూడవ దినమున నేను అందరి యెదుట, “మొద్దు వెధవా, నీకు చదువెందుకు? పోయి కత్తి పట్టుకో” అంటిని. తరగతి యంతయు నవ్వెను. దసరా సెలవుల తరువాత అతడు బడికి రాలేదు. ఆ సంగతిని నేను హాజరుపట్టీలో వ్రాసికొంటిని గాని హృదయములో వ్రాసికొనలేదు. వైశాఖమున నేను కైలాసమని పొగడిన పనినే శ్రావణమున తిట్టుగా వాడితిని. ఈ రెండు మాటలును ఒకే నోట వచ్చినవి.

అతడు నా కత్తిని తీసికొని చూచి, లోపలి నుండి తండ్రి పొదిని తెచ్చెను. మంగలి పొదికి తెలుగున ‘అడపము’ అని మరియొక పేరు కలదు. తమలపాకుల సంచికిని అదే పేరు. కన్నడములోని ‘హడప’ దీనికి తోబుట్టువు. బసవేశ్వరునికి ఆంతరంగికుడై, సతి లింగమ్మతో సహా వచనకర్తగా పేరుపొందిన శరణుడు హడపద అప్పణ్ణ. కర్ణాటకములో క్షౌరవృత్తివారు నేటికిని ఆయన పేరుననే హడపదవారని పిలువబడుచున్నారు. ఈ సంగతిని నేను సభలలో ఎన్నిమార్లో చెప్పియుంటిని. అడపమును కన్నులార చూచుట మాత్రము అదే మొదలు.

అందులో మూడు రాళ్లున్నవి. ఒకటి గరుకుది, రెండవది దానికంటె నున్ననిది, మూడవది నల్లగా అరచేయి వెడల్పున అద్దమువలె చదునైనది. ఆ నల్లరాతిని తన తాత చెన్నూరు దగ్గర గోదావరి ఒడ్డున ఏరి తెచ్చెనని అతడు చెప్పెను. “నేను నూరియ్యనా, మీరే నేర్సుకుంటరా?” అని అడిగెను. నేర్చుకొందునంటిని. ఆనాటినుండి ఆరు ఆదివారములు అతని దుకాణములో విద్యార్థినైతిని.

మొదటి పాఠము వెన్నును గూర్చినది. క్షౌరపు కత్తికి ఒకవైపు పలుచని అంచు, మరియొకవైపు మందమైన వెన్ను ఉండును. వంటింటి కత్తిని నూరునపుడు వెన్నును పైకెత్తి పట్టుదుము. ఎంత ఎత్తవలెనో చేతికి తెలియవలెను. క్షౌరపు కత్తి యట్లు కాదు. అంచును, వెన్నును రెండింటిని రాతికి ఆనించి, అంచు ముందుండునట్లు త్రోయవలెను. చివర అంచును గాలిలోనికి లేపి, వెన్నుపై పొరలించి, రెండవ ప్రక్కను ఆనించి తిరిగి త్రోయవలెను. అంచు వద్ద సుమారు 15 నుండి 18 డిగ్రీల కోణము ఏర్పడునట్లు వెన్ను మందమును, కత్తి వెడల్పును చేయునపుడే కుదిర్చియుందురు. నూరిన కొలది అంచు అరుగును, దానితోపాటు వెన్నును అరుగును. రెండును కలిసి అరుగుటచేతనే ఎన్ని యేండ్లు నూరినను ఆ కోణము చెడదు. తోలుపట్టెపై రాచునపుడు మాత్రము వెన్ను ముందు నడచి, అంచు వెనుక రావలెను. లేనిచో తోలు తెగును, అంచు చెడును.

రెండవ పాఠము బరువును గూర్చినది. నేను త్వరగా పని ముగియవలెనని అదిమి త్రోయుచుంటిని. “ఒత్తకుండ్రి సారూ. కత్తి బరువే సాలు. రాయి పని జేస్తది, మీరు చెయ్యానియ్యుండ్రి” అనెను. అదిమినచో పలుచని అంచు వంగి, ప్రక్కకు సన్నని తీగెవంటి పొర లేచును. చూచుటకు అది పదునువలెనే తోచును. చర్మమునకు తగిలిన వెంటనే విరిగిపోవును.

మూడవ పాఠము రాతిని గూర్చినది. రాయియు అరుగును. నడుమ గుంటపడిన రాయి కత్తిని వంకర చేయును గాని నూరదు. కనుక కత్తిని పట్టుటకు ముందు రెండు రాళ్లను నీటితో ఒకదానిపై నొకటి రాచి చదును చేయవలెను. అప్పుడు గంధమువంటి ముద్ద యూరును. ఆ ముద్దలోని సన్నని కణములే ఉక్కును కొద్దికొద్దిగా తీసివేయును.

ఒక దినము నల్లరాతిపై నూరుచు, 1999 నాటి నా మాటను ఎత్తితిని. “ఆనాడు నిన్ను నేనొక మాటంటిని...” అనుచుండగానే అతడు తలయెత్తక, “యాదికున్నది సారూ. బాపుకు గూడ తెలిసింది. నీళ్లు సల్లుండ్రి, రాయి ఆరుతున్నది” అనెను. నేను నీళ్లు చల్లితిని. అంతకుమించి ఆనాడు మేము మాటాడలేదు. క్షమించితినని అతడనలేదు, అనవలెనని కోరుటకు నాకు అధికారము లేదు.

రాళ్లను గూర్చి ఇంటికి వచ్చి కొంత చదివితిని. ప్రపంచమున పదునురాళ్లకు పేరుపొందిన చోట్లు కొన్ని కలవు. బెల్జియము దేశములోని ఆర్డెన్ను కొండలలో దొరకు పసుపుపచ్చని ‘కోటిక్యూలు’ రాతిలో కంటికి కానరానంత చిన్న గార్నెట్టు కణములుండును. అమెరికాలోని ఆర్కాన్సా రాష్ట్రమున దొరకు రాతిని ‘నోవాక్యులైటు’ అందురు. లాటిను భాషలో ‘నోవాక్యులా’ యనగా క్షౌరపు కత్తియే. జపానులో క్యోటో నగరపు చుట్టుకొండల రాళ్లు ప్రసిద్ధములు. మన దేశమున సానచక్రమును కురువిందపు పొడిని లక్కతో కలిపి చేసెడివారు. వజ్రము తరువాత మిక్కిలి గట్టిదైన ఈ ఖనిజమును ఆంగ్లేయులు కోరండము అందురు. ఆ పేరు దక్షిణ భారతదేశపు మాటనుండియే పుట్టినది. ఇట్లు ఎక్కడి రాయియైనను పని యొక్కటే. అది కత్తికి పదునును ఇచ్చుట లేదు. పదునునకు అడ్డమైన దానిని తీయుచున్నది.

మరి ఉక్కు మాట యేమి? ఉత్తర తెలంగాణమునకు ఉక్కును గూర్చి గర్వించుటకు హక్కు కలదు. నేటి నిజామాబాదు జిల్లాలోని కోనసముద్రమున మూసలలో కరగించి చేసిన ఉక్కుకొరకు పారసీక వర్తకులు వచ్చెడివారు. అచ్చటి పద్ధతిని హెన్రీ వోయిసీ అను శాస్త్రజ్ఞుడు చూచి వ్రాసిన వర్ణన 1832లో బెంగాలు ఏషియాటికు సొసైటీ పత్రికలో అచ్చయ్యెను. 2010లో బెంగుళూరులోని జాతీయ ఉన్నతాధ్యయన సంస్థయు, ఇంగ్లాండులోని ఎక్సెటరు విశ్వవిద్యాలయమును కలిసి ఉత్తర తెలంగాణపు ఊళ్లలో తిరిగి, పాత కొలుముల జాడలను, ఇనుప చిట్టెపు కుప్పలను పరిశీలించినవి. మన ‘ఉక్కు’ అను మాటయే ఐరోపాలో ‘ఊట్జు’ అయ్యెనని పండితులు చెప్పుదురు. లండను నగరమున జేమ్సు స్టోడార్టు అను కత్తుల పనివాడు ఈ ఉక్కుతో శస్త్రవైద్యుల పనిముట్లను, క్షౌరపు కత్తులను చేసి, ఐరోపా ఉక్కుకంటె ఇదియే మేలని ప్రకటించుకొనెను. ఆయన మైకేలు ఫారడేతో కూడి ఉక్కు మిశ్రమములపై చేసిన ప్రయోగములు 1820లో వెలువడెను.

అయినను అంతటి ఉక్కుకును రాయి లేనిదే పదును లేదు. ఇది మనము మరచుచున్నాము. మంచి వంశమని, మంచి బుద్ధియని పుట్టుకను పొగడుచు, నూరు చేతిని తలంపము. దీనికి మారుగా, మొద్దువారినది కనబడగానే ఉక్కే చెడ్డదందుము. మొద్దువారుటకు ఉక్కు దోషము కానక్కరలేదు. 2020లో అమెరికాలోని మసాచుసెట్సు సాంకేతిక సంస్థ శాస్త్రజ్ఞులు, ఉక్కుకంటె సుమారు 50 రెట్లు మెత్తనైన వెండ్రుక కత్తి అంచును ఎట్లు పెచ్చులూడగొట్టునో చూపిరి. మేలైన ఉక్కును సైతము మెత్తని వెండ్రుక చెరుపగలిగినప్పుడు, ఇంటి పేదరికమో, బడిలో ఒక నవ్వో పసివాని తెలివిని మొద్దుబార్చుటలో వింత యేమున్నది?

ఇచట ఒక ఆక్షేపణ పుట్టవచ్చును. “ఈ కాలమున కత్తి నూరువారెవరు? అమెరికాలో జిల్లెటు 1903లో పారవేయదగిన బ్లేడును అమ్మకమునకు తెచ్చెను. నేడు దుకాణములలో ఒక్కొక్కరికి ఒక్కొక్క క్రొత్త బ్లేడు వాడుచున్నారు. అది తప్పా?” అని. తప్పు కానే కాదు. 1986లో మన దేశమున మద్రాసునందు హెచ్.ఐ.వి. తొలిసారి బయటపడెను. రక్తముద్వారా వ్యాపించు వ్యాధులు తెలిసిన పిమ్మట పలువురికి ఒకే కత్తిని వాడుట అపాయము. నా గురువైన ఆ విద్యార్థియు తన దుకాణములో క్రొత్త బ్లేడునే వాడుచున్నాడు. రాతిపై నూరిన కత్తిని తన గడ్డమునకు మాత్రమే వాడుకొనును. నేనును మా తండ్రిగారి కత్తిని నాకొక్కనికే వాడుచున్నాను. పాతది యెల్ల మంచిదని చెప్పుట నా ఉద్దేశము కాదు.

నేను చెప్పదలచినది వేరు. వస్తువును పారవేయు అలవాటు మనుష్యుల యెడల మన చూపునకు ప్రాకరాదు. బ్లేడు మొద్దువారిన మరియొకటి దొరకును. ఒక తల్లికి పుట్టిన పిల్లవానికి మారు మరియొకడు దొరకడు. బ్లేడును నూరుటకు తగినంత వెన్ను లేదు. అందుచేత దానిని పారవేయుట సబబు. మనుష్యునికి వెన్ను కలదు.

ఇక నా తప్పును సరిగా తెలిసికొన్న దినమును చెప్పెదను. నాలుగవ ఆదివారమున, ఇతడు ఇంత నెమ్మదిగా చేయించుచున్నాడే యని విసుగు పుట్టి, అతడు బయటికి పోయినప్పుడు వెన్నును కొంచెము లేపి అంచును మాత్రమే రాతిపై పదిమార్లు రాచితిని. కత్తి వెంటనే తెగెను! చేతిపై వెండ్రుకలు రాలెను. అతడు వచ్చి గోటిపై అంచును మెల్లగా ఆనించి చూచి, “వెన్ను లేపిండ్రా సారూ?” అని అడిగెను. దాచలేకపోయితిని. “తెగుతది. నాలుగొద్దులు గూడ ఉండది. మళ్ల మొదటి రాయి కాడికి పోవాలె” అనెను. నా పదిమార్ల తొందరను సరిచేయుటకు రెండు ఆదివారములు పట్టెను. పోయిన ఉక్కు పోయినదే.

ఆ రాత్రి బస్సులో తిరిగి వచ్చుచు ఆలోచించితిని. 1999లో నేను చేసినది ఇదియే గదా! వెన్ను లేపి అంచును మాత్రము రాతికి పెట్టితిని. అరుగుట యంతయు పిల్లవాని వంతు. నాది యేమియు అరుగలేదు. అతనికి పద్యమెందుకు రాలేదో అడుగుటకు ఒక సాయంకాలము నేను వెచ్చించలేదు, నా గొంతు తగ్గించుకొనలేదు, నా గర్వమును తాకనీయలేదు. గురువు తాను అరుగకుండ శిష్యుని మాత్రము అరగదీయుటను శిక్షణ మనరాదు. అది గాయము.

భర్తృహరి నీతిశతకమున సానపట్టిన మణియు, యాచకులకిచ్చి సంపద తరిగిన దాతయు ఆ తరుగుదలచేతనే శోభించుదురని చెప్పెను. ఈ శ్లోకమును నేను ఏటేట బోధించితిని. తరిగినది మణియు దాతయు నగుట గమనించితిని గాని, బోధించు నేనేమి తరిగితినని ప్రశ్నించుకొనలేదు.

తరుగుటకును ఒక హద్దు కలదు. శరణుడు ఆయ్దక్కి మారయ్య కళ్యాణమున నేలపై రాలిన బియ్యపుగింజలను ఏరి తెచ్చి జంగమ దాసోహము చేసెడివాడు. ఒకనాడు అక్కరకు మించి తేగా, ఆయన సతి లక్కమ్మ ఆ మిగులును తిరిగి పోసి రమ్మని పంపెను. ఈ కథను దురాశను గూర్చిన హెచ్చరికగా మనము చెప్పుకొందుము. రాతి ముందు కూర్చున్నపుడు నాకు మరియొక అర్థము తోచెను. కత్తినుండి పదునునకు కావలసినంతయే తీయవలెను. అంతకుమించి తీసిన ప్రతి రాపిడియు కత్తి ఆయుష్షును దొంగిలించుటయే. పిల్లవానికి చెప్పు మందలింపునకును ఇదియే కొలత. తప్పు దిద్దుటకు కావలసిన మాటలు నాలుగు. అయిదవ మాట నా కోపము తీరుటకు. ఆ అయిదవ మాటయే అతనిని బడినుండి వెళ్లగొట్టెను.

ఆరవ ఆదివారమున కత్తి సిద్ధమైనది. ఎంతయియ్యవలెనని అడిగితిని. అతడు పైసలు వద్దనెను. కొంతసేపటికి, “మా పిల్ల ఏడు సదువుతున్నది సారూ. తెలుగుల ఎనకబడ్డదని వాళ్ల టీచర్ చెప్పింది. జర చూస్తరా?” అని సంకోచముతో అడిగెను. మరుసటి ఆదివారమునుండి మరల వంతెన దాటుచున్నాను. ఆ బాలికకు చదువుట వచ్చును; ఒత్తులు కలిసిన చోట తడబడును. తడబడినపుడు ప్రక్కకు చూచును, ఎవరు నవ్వుదురో యని. ఆ చూపును నేను పూర్వ మెరుగుదును. మొదటి దినమున ఆమె ఒకే పదమును అయిదుమార్లు తప్పు చదివెను. నాలుక చివరకు పాతమాట వచ్చెను. దుకాణము ముందుభాగమున నీటిచప్పుడు వినబడెను. అతడు రాయి తడుపుచున్నాడు. నేను నోరు మూసికొని, ఆ పదమును విడదీసి ఆరవమారు చదివించితిని.

ఆమె పదునెక్కునో లేదో ఇప్పుడే చెప్పలేను. ఆమె తండ్రి పోగొట్టుకొన్న బడి తిరిగి రాదు; దానికి ఇది పరిహారమని నేననుకొనుట లేదు. కాని మనలో ఉపాధ్యాయులు, తల్లిదండ్రులు, మఠములలో పిల్లలకు నేర్పువారు అనేకులున్నారు. వారికొక విన్నపము. ఎవరినైనను మొద్దని పిలువబోవు ముందు మూడు సంగతులు చూచుకొనవలెను. మన రాయి చదునుగా నున్నదా? మనము అవసరమునకు మించి అదుముచున్నామా? మన వెన్ను రాతికి ఆనియున్నదా? ఈ మూడును సరిగా నున్న పిదప ఆ మాట అనవలసిన అవసరము మిగులునేమో చూడుడు.

మా తండ్రిగారి కత్తి ఇప్పుడు నా గడ్డమునకు బాగుగా నడచుచున్నది. వారానికొకసారి తోలుపట్టెపైనను, కొన్ని నెలలకొకసారి రాతిపైనను పెట్టవలసి వచ్చును. పదును ఒకసారి వచ్చి నిలిచియుండునది కాదని ప్రతి ఉదయము అది నాకు చెప్పుచునే యున్నది.